ఒక్కరోజులో రాసిన నలభై రోజులు

అక్టోబర్ 21, సోమవారం. వాతావరణం: ఎండ.

పుస్తకాల షాపులో పెద్దవాళ్ళ డైరీలు తిరగేశాను. ప్రతి పేజీ కింద ఒక నీతివాక్యం. విసుగొచ్చి పిల్లల బొమ్మల డైరీ కొన్నాను. పై సగం బొమ్మకి, కింది సగం రాతకి, మూలన వాతావరణానికి చిన్న గడి. వేసవి సెలవులకి బడిలో అందరికీ ఇచ్చేది ఇదే. కౌంటరు దగ్గర అమ్మాయి "మనవడికా అండీ?" అని అడిగింది. నాకు యాభై. "అవునమ్మా" అన్నాను. మొదటి పేజీ తెరవకముందే ఒక అబద్ధం అయిపోయింది.

ఎవరూ చదవనిది ఏదైనా రాయాలనిపించింది, అంతే. ఆఫీసులో నేను రాసేదంతా నలుగురు చదివి నాలుగు ముద్రలు వేస్తేగానీ బయటికి పోదు. ఏప్రిల్ నుంచి అదే శిక్ష. యూనివర్సిటీలో ఎవరేది కనిపెట్టినా పత్రికలకి ప్రకటన రాసేది నేను. సముద్రపు నాచు మీద ఎవరో చేసిన పనికి "ప్రపంచంలోనే మొదటిసారి" అని తగిలించాను. తీరా చూస్తే అది మూడోసారి. పత్రికలకి క్షమాపణ కూడా నేనే రాశాను. అది మాత్రం బాగా కుదిరిందని మా సెక్షన్ హెడ్ ఒగాత గారు మెచ్చుకున్నారు.

బొమ్మ వేయలేదు.

అక్టోబర్ 24, గురువారం. మబ్బు.

జీవశాస్త్ర విభాగం నుంచి తొకుర అనే అమ్మాయి వచ్చింది. ముప్పై మూడేళ్ళుంటాయి. ఐదేళ్ళ ఒప్పందం మీద పనిచేస్తోంది. మార్చితో అది అయిపోతుంది.

మా చుట్టుపక్కల మూసేసిన పద్నాలుగు బళ్ళ సామాన్ల గదులు వెతికి, పిల్లల వేసవి డైరీలు పోగేసిందట. బాగా రాసిన డైరీలని ప్రదర్శన కోసం బడిలోనే ఉంచుకునేవారు కదా, అవన్నమాట. పిల్లలు ఈలపురుగుల అరుపు చెవికెలా వినపడితే అలా రాసేస్తారు. "మిన్ మిన్" అంటే ఒక జాతి. "జీ జీ" అంటే ఇంకో జాతి. "షా షా షా" అంటే కుమాజెమి, అంటే ఎలుగుబంటి పురుగు. అది దక్షిణాదిది, మా మంచు ఊళ్ళలో ఉండకూడనిది. ఏ ఏడు ఏ ఊరి పిల్లాడు ఏ అరుపు రాశాడో పటం మీద గుర్తు పెట్టుకుంటూ పోతే, ఆ పురుగు ఎప్పుడొచ్చిందో తేలిపోతుంది. ఎంత చక్కటి ఆలోచన! నాకు చాలా రోజుల తర్వాత ఒక ప్రకటన రాయాలని ఉబలాటం కలిగింది.

"అందరూ తొంభై ఎనిమిదిలో వచ్చిందంటారండీ. నేను ఎనభై నాలుగంటున్నాను" అంది. "పద్నాలుగేళ్ళు ముందు! ఒకే ఒక్క డైరీ వల్ల తేలింది. పదిహేడో నంబరు. ఈ పిల్లాడు నా పాలిట దేవుడండీ. నలభై రోజుల్లో ఒక్కరోజు ఎగ్గొట్టలేదు."

పేజీ నకలు నా ముందు పెట్టింది. పేరు మీద నల్ల పట్టీ అతికించి ఉంది. బొమ్మలో ఐదు కాళ్ళ కుక్క. ఐదోది తోక. టీచర్ ఎర్ర సిరాతో మెచ్చుకోలు పువ్వు గీసి రాసింది: "ప్రతిరోజూ శ్రద్ధగా రాశావు."

"బాగుందండీ" అన్నాను.

అక్టోబర్ 25. మబ్బు.

పదిహేడో నంబరు నేనే.

అక్టోబర్ 27, ఆదివారం. వాన.

నాన్న పొద్దున్నే పెరటి చెట్టు నుంచి నారింజరంగు కాకీపండ్లు కోసి ఆరగట్టడానికి తొక్క తీస్తూ కూర్చున్నాడు. ఎనభై ఒకటి. ఎడమ చెవి పనిచేయదు, కుడిచెవి తనకి నచ్చినప్పుడు పనిచేస్తుంది. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే.

ఆయన్ని చూస్తూంటే ఆ రోజు మొత్తం గుర్తొచ్చింది. ఆగస్టు 31, 1984. మర్నాడు బడి. నా డైరీలో నలభై తెల్ల పేజీలు. పొద్దున్న నుంచి చీకటి పడేదాకా వసారాలో బోర్లా పడుకుని నలభై రోజులూ పుట్టించాను. ఈతకి వెళ్ళాను, పుచ్చకాయ తిన్నాను, కుక్కని షికారు తీసుకెళ్ళాను. వాతావరణం ఏం వేయాలో తెలియక వంటింట్లోకి కేకేశాను. అమ్మ ముల్లంగి తరుగుతూ, "మూడు ఎండలకి ఒక వాన వెయ్యి, సరిపోద్ది" అంది.

వాకిట్లో నాన్న వెదురు చీపురుతో ఊడుస్తున్నాడు. తోటమాలి కదా, ఇంట్లో ఉన్నాడంటే ఊడుస్తూనే ఉంటాడు. షా షా షా.

అదీ సంగతి. ఆమె పటం మీద పెట్టుకున్నది మా నాన్న చీపురు.

అక్టోబర్ 30. ఎండ.

ఒక్క డైరీ ఏముంది. ఆమె దగ్గర రెండు వందల పన్నెండున్నాయి.

నవంబర్ 1, శుక్రవారం. ఎండ.

ఒక్క డైరీయే ఉంది. లెక్కంతా దాని మీదే నిలబడింది. అది తీసేస్తే తొంభై ఎనిమిదే మిగులుతుంది. అందరికీ తెలిసిందే ఆమె మళ్ళీ కనిపెట్టినట్టవుతుంది.

ఇవాళ ప్రకటన గురించి మాట్లాడుకున్నాం. ఇరవై ఎనిమిదిన విడుదల. డిసెంబర్ ఐదున ఆమె శాశ్వత ఉద్యోగానికి ఇంటర్వ్యూ. "పేపర్లో వస్తే కమిటీవాళ్ళ కళ్ళలో పడతాను కదండీ" అంది. "లేకపోతే ఏప్రిల్ నుంచి మా అమ్మ కొట్లో టోఫు కోసుకుంటూ కూర్చోవాలి. అడ్డదిడ్డంగా కోస్తానని ఆవిడ నన్ను అక్కడా ఉంచుకోదు."

నవ్వాను. నాకు నవ్వడానికి ఏం హక్కుందని.

ఒగాత గారు వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఆగారు. "హిరనుమ గారూ, ఈసారి 'మొదటిసారి' అనే మాట పడిందంటే, నిజంగా మొదటిసారో కాదో మీ నాన్నగారిని కూడా అడిగి రాయండి." ఆయన దెప్పిపొడుపు ఆయనది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఉలిక్కిపడి టీ ఒలకబోసుకున్నాను.

నవంబర్ 9. ఎండ. ఏమీ విశేషం లేదు.

నవంబర్ 10. ఎండ. నాన్నతో నడకకి వెళ్ళాను.

నవంబర్ 11. మబ్బు. ప్రకటన సగం రాశాను. బాగా వస్తోంది.

నవంబర్ 12. ఎండ. మనసు తేలిగ్గా ఉంది.

నవంబర్ 13, బుధవారం. వాన.

పై నాలుగు రోజులూ ఇవాళే రాశాను. వరసగా, ఒకే పెన్నుతో, పది నిమిషాల్లో. పదో తేదీన నడకకి వెళ్ళలేదు, ఆ రోజు వాన. ప్రకటనలో శీర్షిక దాటి ఒక్క అక్షరం పడలేదు. మనసు తేలిగ్గా లేదు.

ఎవరూ చూడని డైరీలో ఎవరి మెప్పు కోసం రాశాను? పదేళ్ళప్పుడు టీచరుందనుకుందాం. ఇప్పుడెవరున్నారు? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఆ పిల్లికి కనీసం పాలు దక్కుతాయి.

రేపు చెప్తాను.

నవంబర్ 14, గురువారం. మబ్బు, గాలి.

చెప్పేశాను.

తొకుర గదిలో బల్ల నిండా ఈలపురుగులు వదిలేసిన పెంకులు, అగ్గిపెట్టెల్లో సర్ది ఉన్నాయి. కూర్చోమంది. నిలబడే చెప్పాను. ఐదు కాళ్ళ కుక్క నాదేనన్నాను, ముప్పై ఒకటో తారీకు గురించి చెప్పాను, అమ్మ వేసిన ఎండలూ వానలూ, నాన్న చీపురూ అన్నీ చెప్పాను. మూడు వారాలుగా తెలిసీ ఊరుకున్నానని కూడా చెప్పాను.

ఆమె కంప్యూటర్లో ఏదో తెరిచి చూపించింది.

"ఆగస్టు ఇరవై రెండు. ఆ రోజు తుఫానండీ. వాతావరణ కేంద్రం లెక్కలో ఉంది, పడవలు ఒడ్డెక్కించారు. మీరేమో ఎండ వేసి, నదిలో ఈత కొట్టాను అని రాశారు."

"చూశారా మరి!"

"చూశాను. మొదటి రోజే చూశాను. పాపం చిన్నపిల్లాడు, ఒక పేజీ అటూ ఇటూ అయ్యుంటుందిలే అనుకున్నాను." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఒక పేజీ కాదు, పంతొమ్మిది తేడాలొచ్చాయి. పంతొమ్మిదికీ ఏదో ఒక సాకు వెతుక్కున్నాను. నాకు మీ డైరీ కావాలి హిరనుమ గారూ. అందుకని నమ్మాను."

తిడితే బాగుండేది. "రెండ్రోజులు టైమివ్వండి" అంది. తలుపు దాకా వచ్చి సాగనంపి, వంగి నమస్కారం కూడా పెట్టింది. ఇంటికొచ్చేదాకా సిగ్గుతో చచ్చిపోయాను.

నవంబర్ 16, శనివారం. ఎండ. నిజంగానే ఎండ.

పదింటికి తొకుర మా ఇంటికే వచ్చేసింది. సంచిలో అమ్మ కొట్టు టోఫు, చేతిలో నా డైరీ నకలు.

నాన్న నిచ్చెన మీద నుంచే, "ఏరా తెత్సుయా, పెళ్ళిచూపులా? ముందు చెప్పొద్దూ, గడ్డం గీసుకునేవాణ్ణి" అన్నాడు.

"నీకు కాదు నాన్నా. యూనివర్సిటీ నుంచి వచ్చారు."

"నీకా? అయితే పాపం ఆ అమ్మాయికి ఎవరైనా చెప్పండి."

తొకుర నవ్వింది. రెండ్రోజులుగా నిద్రలేదని కళ్ళు చెబుతున్నాయి, అయినా నవ్వింది. వసారాలో కూర్చుని పేజీలు పరిచింది.

"షా షా షా అని మీరు ఆరు చోట్ల రాశారండీ. ఆరూ పొద్దుటి పేజీలే, సెలవుల్లో పిల్లలంతా ఆరున్నరకి బడి ఆవరణలో రేడియో పాటకి చేసే వ్యాయామం గురించి రాసినవే. మధ్యాహ్నం పేజీల్లో అంతా మిన్ మిన్, జీ జీ. ఈ పురుగు పొద్దున్నే అరిచి, ఎండెక్కేసరికి నోరు మూసుకుంటుంది. ఆ సంగతి పదేళ్ళ పిల్లాడికేం తెలుసు? రోజంతా మీ చెవిలో చీపురే ఉంటే, మధ్యాహ్నం పేజీల్లో కూడా రాయాలిగా?"

నేను ఒప్పుకోలేదు. తప్పు చేసినవాడికి తప్పు మీద కూడా మమకారం ఉంటుంది కాబోలు. చీపురు చప్పుడు నాకు స్పష్టంగా గుర్తుందన్నాను.

"అయితే విందాం" అని ఆమె వాకిట్లోకి దిగింది. "పెద్దాయనా, ఎనభై నాలుగు ఆగస్టు ముప్పై ఒకటిన మీరు వాకిలి ఊడ్చారా?"

"నేను ఊడవని రోజేదో అడుగమ్మా, అది చెప్పడం సులువు."

"ఒకసారి ఊడ్చి చూపిస్తారా?"

నాన్న చీపురు తీశాడు. ఆమె ఫోన్ పట్టుకుని వంగింది. సర్రు. ఆగి, ఊపిరి తీసుకునేంత ఆగి, మళ్ళీ సర్రు. దాన్ని ఏ పిల్లాడూ షా షా షా అని రాయడు.

"అప్పుడు వయసులో ఉన్నావు నాన్నా. గబగబా ఊడ్చి ఉంటావు."

చీపురు నా మీదికి ఎత్తాడు. "గబగబా ఊడిస్తే వాకిట్లో పెంచిన నాచు లేచిపోదుట్రా? తోటమాలి కడుపున పుట్టి ఆ మాత్రం తెలీదూ? నేను కుర్రాడప్పుడు ఒక్కసారి తొందరపడ్డానని మా గురువు చీపురు తిరగేసి వీపు మీద వాయించాడు. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఇంతే ఊడుస్తున్నా. చెవిటి మాలోకం నువ్వా నేనా?"

తొకుర గట్టిగా ఊపిరి పీల్చి, ఒక పేజీ తీసి ఆయన కుడిచెవి దగ్గర పెద్దగా చదివింది. జూలై 24 పేజీ. "ఇవాళ రేడియో వినపడలేదు. చెట్టు మీద షా షా షా అని ఒకటే గోల. ఎవరో పెద్దాయన రేడియో ఎత్తుకుని జారుడుబల్ల దగ్గరికి పరిగెత్తాడు. అందరం నవ్వాం."

నాన్న చీపురు కింద పడేశాడు.

"ఎవరో పెద్దాయనా? ఒరేయ్! అది నేనురా!"

తొకుర పేజీ దించి ఆయన వైపు తిరిగింది.

"ఆ ఏడు వ్యాయామానికొచ్చిన పిల్లల కార్డుల మీద హాజరు ముద్రలు వేసే వంతు నాది. ఆ దిక్కుమాలిన పురుగుల మోతకి రేడియోలో పాటే వినపడి చావలేదు. వారం రోజులు మోశాను, అంత బరువు రేడియోని, చెట్టు దగ్గర్నుంచి జారుడుబల్ల దాకా. వీడేమో ఎవరో పెద్దాయనంట!"

ఎందుకలా రాశానో నాకు తెలుసు. పరిగెత్తేటప్పుడు నాన్న ప్యాంటు జారింది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, ఆయనెవరో నాకు తెలియనట్టు. అదంతా ఇవాళ, ఆయన కోపంగా నిలబడి చూస్తుంటే గుర్తొచ్చింది. నలభై పేజీలూ కల్పించాననుకున్నాను. ఆ ఒక్క పేజీలో జరిగినదాన్ని దాచిపెట్టాను.

తొకుర మాత్రం చెట్టు దగ్గరే ఆగిపోయింది. "ఏ చెట్టండీ?"

"బడి ఆవరణలో కర్పూరం చెట్లమ్మా, మూడు. నేనే నాటాను, వీడు బళ్ళో చేరడానికి రెండేళ్ళ ముందు. ఇక్కడ పెరగవు మొర్రో అంటే హెడ్మాస్టరు వినలేదు. ఆయనది దక్షిణాది కొసన కగోషిమ. అంత దూరం నుంచి లారీలో తెప్పించాడు."

"వేళ్ళకి మట్టితోనా?"

"మట్టి లేకుండా చెట్టు ఎట్లా బతుకుద్దమ్మా? ఇంతింత మట్టిముద్దలు, గడ్డితాళ్ళు చుట్టి. ముగ్గురం మోశాం ఒక్కోటి."

ఆమె వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టుకుంది. నాకు వినపడేలా, మెల్లగా అంది. "పురుగు పిల్లగా ఉన్నంతకాలం మట్టిలోనే ఉంటుందండీ. వేళ్ళ రసం తాగుతూ. ఐదేళ్ళు. ఇది ఎగిరి రాలేదు. లారీలో వచ్చింది." అని అక్కడే చతికిలబడిపోయింది.

"నాచు! నాచు మీద కూర్చోకమ్మా!" అని నాన్న అరిచాడు.

నవంబర్ 22. మబ్బు.

తొకుర వ్యాసం తిరగరాసింది. నా ఒక్కడి డైరీయే కాదు, రెండు వందల పన్నెండింటినీ వాతావరణ కేంద్రం లెక్కలతో మళ్ళీ పోల్చింది. అరవై మూడు డైరీలు ఒక్కరోజులో రాసినవేనని తేలింది. అన్నిటినీ పక్కన పెట్టేసింది. పటం మీద చుక్కలు పల్చబడ్డాయి. ఆమెకది కష్టంగానే ఉంది, దాచుకోలేదు. నా డైరీని మాత్రం ఉంచి, పక్కన ఉన్నదున్నట్టు రాసింది: సెలవుల చివరిరోజు జ్ఞాపకం మీద రాసినది. రేడియో వినపడలేదన్న సంగతి ఊళ్ళో మరో నలుగురు విడివిడిగా చెప్పారు. చెట్ల మట్టి గురించి తోటమాలి చెప్పాడు. ఇంకా రుజువు చేయాల్సి ఉంది.

నేను ప్రకటన ఒక్క మధ్యాహ్నంలో రాశాను. "మొదటిసారి" అనే మాట లేదు.

నవంబర్ 25, సోమవారం. వాన.

ఒగాత గారు రెండుసార్లు చదివారు. "అబద్ధపు డైరీ అని మనమే చాటుకుంటామా?"

"అవునండీ. ఆ డైరీ నాది."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశారు. ముద్ర తీసి, సిరాలో అద్ది, గాల్లోనే ఆపారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "నేనూ ముప్పై ఒకటినే రాసేవాణ్ణి. మా అన్నయ్యది కూడా నేనే రాసేవాణ్ణి, రెండు మిఠాయిలకి." ముద్ర వేసేశారు.

నాలుగు ముద్రలూ సాయంత్రంలోగా పడ్డాయి. అలా ఎప్పుడూ జరగలేదు. ప్రతి గదిలోనూ ఎవరో ఒకరు నవ్వుకున్నారు.

నవంబర్ 29. ఎండ.

ఒక్క స్థానిక పత్రికలో వచ్చింది, చేపల ధరల పక్కన, అరచేయంత. నాన్న కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించాడు. "'తోటమాలి' అని వేశారు, పేరు వేయలేదు" అని సణిగాడు. ఈ ఇంట్లో ఆయన పేరు ఎగ్గొట్టడం కొత్తేమీ కాదని నేను అనలేదు.

డిసెంబర్ 5. మంచు, మొదటిది.

ఇవాళ ఇంటర్వ్యూ. పని మీద ధ్యాస లేదు. నా వల్ల పోతే? పోతే ఆ కొట్లో టోఫు కోయడానికి నేను కూడా వెళ్ళాలి.

డిసెంబర్ 19, గురువారం. మంచు.

ఫోన్లో తొకుర సందేశం: "అమ్మ ఊపిరి పీల్చుకుంది. టోఫు బతికిపోయింది."

మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఎవరూ రాలేదు, వచ్చినా ఫరవాలేదనిపించింది.

తర్వాత ఫోన్ చేసి అభినందించాను. కమిటీలో ఒకాయన అడిగాడట, పంతొమ్మిది తేడాలున్న డైరీని మొదట ఎందుకు నమ్మారని. "నాకది కావాలి కాబట్టి నమ్మానండీ, ఇకమీద నాకు కావలసినదాన్నే ముందు అనుమానిస్తాను" అని చెప్పిందట. ఆ మాట నేను రాసిపెట్టుకున్నాను. ఆఫీసు బల్ల మీద కూడా అంటించుకుంటాను.

జూలై 22, మంగళవారం. వాతావరణం: ఎండ.

డైరీలో ఇది చివరి పేజీ. దీనికోసమే ఏడు నెలలు ఖాళీగా ఉంచాను.

మా బడి మూసేసినా ఆవరణలో రేడియో వ్యాయామం పెడుతున్నారు. పిల్లలు తొమ్మిదిమందే వచ్చారు. తొకుర మైకు, వలా, గొయ్యి తవ్వే పారా పట్టుకుని ఆరింటికే వచ్చేసింది. ముద్రలు వేసే వంతు ఎవరిదని అడిగేలోపే నాన్న కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఆరున్నరకి పాట మొదలైంది. చేతులు పైకెత్తామో లేదో, కర్పూరం చెట్ల మీద మొదలైంది. షా షా షా షా. ఒక్క ముక్క వినపడలేదు. పిల్లలు చేతులు గాల్లో పెట్టి దిక్కులు చూశారు.

ఒకాయన లేచాడు. రేడియో చంకలో పెట్టుకున్నాడు. ఎనభై రెండేళ్ళు కదా, పరిగెత్తలేదు. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, జారుడుబల్ల వైపు నడిచాడు. పిల్లలు నవ్వారు. ఒక పాప నా చొక్కా లాగి, "ఎవరు ఆ తాతయ్య?" అని అడిగింది.

"మా నాన్న" అన్నాను. మోతలో ఆ పాపకి వినపడలేదు. అందుకని ఇంకోసారి, గట్టిగా చెప్పాను.

పై సగంలో బొమ్మ వేశాను. ఇవాళ్టి పేజీ ఇవాళే రాశాను.